వాకీటాకీ కార్ట్‌లో పెట్టే ముందు ఒక పరీక్ష రాయండి

మాకు వచ్చే మెయిల్స్‌లో ఈ మధ్య తరచుగా కనిపించే ప్రశ్న ఇది: "బ్రో, మూడు వేలలోపు మంచి వాకీటాకీ ఏది? రేంజ్ కనీసం పది కిలోమీటర్లు రావాలి." ట్రెక్కింగ్‌కి, పొలానికి, పెళ్లి పనులకి, లేదంటే ఊరికే సరదాకి. అడిగేవాళ్లలో చాలామందికి మనసులో ఉన్నది బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్టే. చిన్నది, చవక, యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు.

దీనికి మేం ఎప్పుడూ లింక్ ఇవ్వలేదు. కారణం సింపుల్. మన దేశంలో లైసెన్స్ లేకుండా అలాంటి సెట్‌తో మాట్లాడటమే కాదు, దాన్ని ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అడ్డూ అదుపూ లేకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులు ఇచ్చి, ఆ తర్వాత గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది. లైసెన్స్ అక్కర్లేని సెట్లు ఉన్నాయి, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవర్‌తో పనిచేసేవి. యూవీ-5ఆర్ ఆ కోవలోకి రాదు.

అయితే "కొనకండి" అని చెప్పి ఊరుకోవడానికి ఇది రాయట్లేదు. కొనండి. కానీ ముందు హ్యామ్ రేడియో పరీక్ష రాయండి. అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్, అందులో కింది మెట్టు అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్. మోర్స్ కోడ్ అక్కర్లేదు, 12 ఏళ్లు నిండితే చాలు, పాసై లైసెన్స్ వస్తే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ మీ సొంతం. ఫోన్లు, గ్యాడ్జెట్‌లు అంటే ఇష్టపడే ఎవరికైనా ఈ చదువు వంద అన్‌బాక్సింగ్ వీడియోల కంటే ఎక్కువ ఇస్తుందన్నది నా అభిప్రాయం. అదీ బట్టీ కొట్టకుండా చదివితేనే.

ముందు నా తెలివితక్కువతనం చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని, చెల్లి అక్కడే ఉన్నారు. గ్రౌండ్ ఫ్లోర్ నీళ్లలో ఉంది, వాళ్లు పై వాటాలో. మొదటి రోజు సాయంత్రం పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్ నాన్నా, ఛార్జింగ్ ఎనిమిది శాతం ఉంది, మళ్లీ చేస్తానో లేదో, కంగారు పడొద్దు" అంది. కంగారు పడొద్దని చెప్పిన ఫోన్ తర్వాత ఎంత కంగారు ఉంటుందో తెలుసు కదా. దాదాపు రోజున్నర వాళ్ల గురించి ఏ కబురూ లేదు. హైదరాబాద్‌లో నా టేబుల్ మీద రివ్యూకి వచ్చిన ఫోన్లు నాలుగు ఉన్నాయి, ఒక్కదానికీ పిన్నిని పలకరించే దారి లేదు.

ఆ రాత్రి నేను చేసిన పని: రెండు వాకీటాకీలు కార్ట్‌లో పెట్టడం. ఒకటి నా దగ్గర హైదరాబాద్‌లో, ఒకటి పిన్ని దగ్గర విజయవాడలో. ఈసారి వరదొస్తే నెట్‌వర్క్‌తో పనిలేదు, డైరెక్ట్‌గా మాట్లాడుకోవచ్చని. నవ్వకండి. ఏళ్ల తరబడి ఫోన్లలో 5జీ బ్యాండ్లు లెక్కపెట్టి రివ్యూలు రాస్తున్నవాడి జ్ఞానం అది.

పిన్నీ వాళ్లు క్షేమంగానే బయటపడ్డారు. ఒక పడవ వచ్చింది, ఒక పవర్ బ్యాంక్ దొరికింది. కార్ట్‌లో ఉన్నవి మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే ఆర్డర్ చేసే ముందు "లైసెన్స్ కావాలా" అని వెతికితే ఈ పరీక్ష గురించి తెలిసింది. పరీక్ష కోసం పుస్తకం తెరిస్తే రెండో వారంలోనే నా ప్లాన్ ఎంత పిచ్చిదో అర్థమైంది.

కథ ఇది. వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు నేరుగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది. మనిషి చేతిలో ఒకటిన్నర మీటర్ల ఎత్తులో పట్టుకున్న సెట్‌కి రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. ఇద్దరూ చదునైన మైదానంలో నిలబడితే లెక్క ప్రకారం 10 కిలోమీటర్లు. బాక్స్ మీద ముద్రించే రేంజ్ ఈ మైదానంలోదే, ఆ మైదానం మన ఊళ్లలో ఎక్కడా ఉండదు. అపార్ట్‌మెంట్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్లు వస్తే గొప్ప. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లు అనుకుంటే, నేనూ పిన్నీ చెరో కిలోమీటరు ఎత్తున్న గోపురం ఎక్కి నిలబడాలి. సెట్ ఐదు వాట్లదైనా, యాభై వాట్లదైనా భూమి అడ్డు తొలగిపోదు.

అదే 7 మెగాహెర్ట్జ్ అయితే సంగతి వేరు. ఆ తరంగం పైకి పోయి, అయనోస్పియర్‌కి తగిలి, కిందికి వంగుతుంది. తీగను నేలకు కొంచెం ఎత్తులోనే కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర గొడుగులా పడుతుంది. హైదరాబాద్-విజయవాడ దూరానికి పగటిపూట సరిపోయే దారి అది. దానికి కావాల్సింది జేబులో పట్టే సెట్ కాదు, మేడ మీద ఇరవై మీటర్ల తీగ, కారు బ్యాటరీ, అటువైపు లైసెన్స్ ఉన్న ఇంకో మనిషి.

డీబీ అర్థమైతే సగం స్పెసిఫికేషన్లు అర్థమైనట్టే

సిలబస్‌లో నన్ను ఎక్కువ ఆపేసింది డెసిబెల్. ఇన్నాళ్లూ రివ్యూల్లో "సిగ్నల్ రిసెప్షన్ బాగుంది, రెండు గీతలు ఎక్కువ వచ్చాయి" అని రాసేవాళ్లం. ఆ గీతలకు అందరూ పాటించే కొలత అంటూ లేదు, ఒక కంపెనీ నాలుగు చూపించే చోట ఇంకో కంపెనీ మూడు చూపించొచ్చు. అసలు లెక్క సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ దగ్గర ఉంటుంది, డీబీఎంలలో. మైనస్ 75 అని ఉంటే టవర్ బాగా అందుతోంది. లిఫ్ట్‌లోకి వెళ్తే మైనస్ 115. చూడటానికి తేడా నలభై. కానీ డీబీ అంటే లాగరిథం, నలభై డీబీ అంటే పదివేల రెట్లు. లిఫ్ట్‌లో మీ ఫోన్‌కి అందుతున్నది బయట అందే పవర్‌లో పదివేలో వంతు, అయినా దాంతోనే వాట్సాప్ మెసేజ్ పోతోంది. ఇది తెలిసిన రోజు నా ఫోన్ మీద గౌరవం పెరిగింది, మా పాత రివ్యూల మీద తగ్గింది.

ఇదే లెక్క వాకీటాకీకి పెట్టండి. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. 5 వాట్ల సెట్ దానికి 25 రెట్లు, అంటే 14 డీబీ ఎక్కువ. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "8 వాట్స్, అప్‌గ్రేడెడ్" అని ఎక్కువ రేటుకి అమ్మే మోడల్ చూడండి. 5 వాట్ల నుంచి 8 వాట్లకి పెరిగింది 2 డీబీ. హ్యామ్‌లు సిగ్నల్ బలాన్ని కొలిచే ఎస్-మీటర్‌లో ఒక మెట్టు అంటే 6 డీబీ. అంటే మీరు అదనంగా డబ్బు పోసి కొన్నది మెట్టులో మూడో వంతు. అవతలి మనిషి చెవికి ఆ తేడా తెలియడమే కష్టం. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది.

మరి డబ్బు దేనిమీద పెట్టాలి? యాంటెన్నా మీద. ఇక్కడ మా చెల్లి ప్రవేశం. తను అప్పుడు పదో తరగతి, తెలుగు మీడియం. దసరా సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఇంగ్లీషు పుస్తకంలో వేవ్‌లెంగ్త్ లెక్కలతో కుస్తీ పడుతుంటే పక్కన కూర్చుని చూసి, "అన్నయ్యా, ఇది తరంగదైర్ఘ్యం కదా, మాకు తొమ్మిదిలోనే ఉంది. వేగాన్ని పౌనఃపున్యంతో భాగించు" అంది. అంతే. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో తరంగదైర్ఘ్యం. 145 మెగాహెర్ట్జ్ అయితే 2 మీటర్ల పైచిలుకు, అందుకే దాన్ని టూ మీటర్ బ్యాండ్ అంటారు. అందులో నాలుగో వంతు యాంటెన్నా సుమారు అర మీటరు ఉండాలి. ఇప్పుడు సెట్‌తో పాటు వచ్చే రబ్బరు యాంటెన్నాని స్కేలు పెట్టి కొలవండి, పదిహేను సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 435 మెగాహెర్ట్జ్‌కి నాలుగో వంతు 17 సెంటీమీటర్లు, కాబట్టి అక్కడ ఫర్వాలేదు. టూ మీటర్లలో మాత్రం అది రాజీ బేరం. కొలిచి కోసిన రాగి తీగ, ఒక ఎస్‌ఓ-239 సాకెట్, నాలుగు కడ్డీలు, ఇంత సామానుతో మేడ మీద పెట్టే గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా తయారవుతుంది. "అప్‌గ్రేడెడ్" సెట్ ఇచ్చే 2 డీబీ దాని ముందు లెక్కలోకి రాదు.

ఫోన్ల విషయంలో కూడా ఇదే కళ్లద్దాలు పనికొస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడ దాటి వస్తుంటే 5 గిగాహెర్ట్జ్ ఎందుకు నీరసపడుతుంది, ఫోన్‌ని ఒక రకంగా పట్టుకుంటే గీతలు ఎందుకు పడిపోతాయి, మెటల్ ఫ్రేమ్‌లో ఆ సన్నటి ప్లాస్టిక్ చారలు ఎందుకు పెడతారు, ఇవన్నీ యాంటెన్నాల చాప్టర్ చదివాక ఒకరు చెప్పక్కర్లేదు.

పాస్ మార్కులు తక్కువే, అదే ఇబ్బంది

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రేడియో థియరీ, ప్రాక్టీస్. రెండోది రూల్స్. నేను రాసినప్పుడు ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50 శాతం వస్తే పాస్. ఓమ్ నియమం, కెపాసిటర్లు, కాయిల్స్, డయోడ్, ట్రాన్సిస్టర్, సూపర్‌హెటరోడైన్ రిసీవర్ బ్లాక్ డయాగ్రమ్, ఏఎం-ఎఫ్‌ఎం తేడా, ప్రొపగేషన్, యాంటెన్నాలు. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకి సగం పాత పరిచయమే. చదవనివాళ్లు రోజుకి గంట చొప్పున రెండు మూడు నెలలు కూర్చుంటే సరిపోతుంది.

రూల్స్ భాగాన్ని మాత్రం చాలామంది ఆఖరి రాత్రికి వదిలేస్తారు. క్యూ కోడ్‌లు: క్యూఆర్ఎం అంటే ఇతర స్టేషన్ల గోల, క్యూఆర్ఎన్ అంటే ప్రకృతి చేసే గోల, క్యూటీహెచ్ అంటే నీ చోటు. ఫొనెటిక్స్, లాగ్‌బుక్, టైమ్ యూటీసీలో రాయడం. పాటలు వేయకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు, రహస్య భాష వాడకూడదు. పొలానికీ పెళ్లి పనులకీ వాకీటాకీ అడిగినవాళ్లు ఇక్కడే ఒకసారి ఆగాలి. హ్యామ్ లైసెన్స్ వచ్చినా దాన్ని క్యాటరింగ్ వాళ్లని పిలవడానికి వాడకూడదు. ఆ పనికి మీకు కావాల్సింది ఇందాక చెప్పిన 446 సెట్లే.

రూల్స్‌లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. మామూలుగా హ్యామ్ మూడో మనిషి కబుర్లు మోయకూడదు. వరద, తుపాను, భూకంపం లాంటివి వచ్చినప్పుడు మాత్రం ఆ అడ్డు తొలగుతుంది. "సింగ్ నగర్‌లో ఫలానా ఇంట్లో ఇద్దరు క్షేమం" అన్న ఒక్క వాక్యం పంపడానికి దారి ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం అండమాన్‌లో రేడియో యాత్ర చేస్తోంది, దూరదేశాల హ్యామ్‌లతో సరదాగా కాంటాక్టులు చేసుకుంటూ. 26న సునామీ వచ్చింది. అప్పటిదాకా సరదాకి వాడిన సెట్లే అండమాన్ నుంచి బయటికి కబుర్లు మోశాయి. ఆ సంస్థ 1983 నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్నేళ్లు ఇదే ఊళ్లో గ్యాడ్జెట్‌ల గురించి రాస్తూ నేను ఆ వైపు చూడకపోవడం నాకే చిన్నతనంగా అనిపించింది.

సరే, ఇబ్బంది దగ్గరికి వస్తా. పాస్ మార్కు యాభై కాబట్టి, బిట్ బ్యాంకులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి, వారం రోజులు ఆన్సర్లు బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదన కూడా వినదగ్గదే. లైసెన్స్ అనేది నేర్చుకోవడానికి పర్మిషన్ మాత్రమే, అసలు చదువు గాల్లోకి వెళ్లాకే మొదలవుతుంది, ముందు లోపలికి రానివ్వండి అంటారు. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చాకే కదా అసలు డ్రైవింగ్ వచ్చేది అని. అమెరికాలో అయితే టెక్నీషియన్ పరీక్ష ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే బయటపెడతారు, అందులోంచి 35 ఇస్తారు, 26 రైట్ అయితే పాస్. అక్కడున్న మన తెలుగువాళ్లు ఒక వీకెండ్‌లో చదివి రాసేస్తున్నారు, పాపం పుణ్యం ఏమీ అంటట్లేదు.

నేను ఒప్పుకోను. కనీసం సగం ఒప్పుకోను. బట్టీతో పాసైనవాడికి యాంటెన్నా బిగించకుండా బటన్ నొక్కితే ట్రాన్స్‌మిటర్ దెబ్బతినొచ్చని తెలియదు, ఎందుకంటే ఎస్‌డబ్ల్యూఆర్ అనేది వాడికి "సి" ఆప్షన్ మాత్రమే. వినకుండా మాట్లాడతాడు. యూవీ-5ఆర్ 136 నుంచి 174 దాకా ఎక్కడ తిప్పినా పలుకుతుంది, కానీ మన బ్యాండ్ 144 నుంచి 146 వరకే. మిగతా చోట్ల వేరే సర్వీసులు ఉంటాయి, వాటిలో ప్రాణాల మీద పని చేసేవీ ఉంటాయి. సెట్‌లో ఆ సరిహద్దు దగ్గర గోడ లేదు. ఆపరేటర్ బుర్రలోనే ఉండాలి.

సిలబస్ గొప్పదని కూడా నేననను. పాత వాసన బాగా కొడుతుంది. నేను చదివిన పుస్తకాల్లో వాల్వుల బొమ్మలు ఉన్నాయి, ఇవాళ సగం మంది హ్యామ్‌లు వాడే సాఫ్ట్‌వేర్ రేడియో గురించి, ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ మోడ్‌ల గురించి ఒక్క పేజీ లేదు. అన్నీ ఇంగ్లీషులోనే. 12 ఏళ్లకే రాయొచ్చని రూల్ పెట్టి, ఆ వయసు తెలుగు మీడియం పిల్లకి చేతిలో పెట్టడానికి పుస్తకం లేకపోతే ఎలా? ఫిజిక్స్ తనకి వచ్చు, తరంగదైర్ఘ్యం నాకు చెప్పింది తనే. రానిది "ఇంపిడెన్స్ మ్యాచింగ్" అన్న మాట ఒక్కటే. ఎవరైనా హ్యామ్ ఓ యాభై పేజీలు తెలుగులో రాస్తే ఈ సైట్‌లో ఉచితంగా పెట్టడానికి మేం రెడీ.

ఇంకో నిజం. పాసవగానే మాట్లాడేయొచ్చని అనుకోకండి. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు, తర్వాత వెరిఫికేషన్లు, ఆ తర్వాతే లైసెన్స్. నా ఫైల్ ఒకచోట నెలల తరబడి కదల్లేదు, అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబు తప్ప ఇంకేం రాలేదు. నేను కట్టింది 20 ఏళ్లకి 1000 రూపాయలు, కాబట్టి డబ్బు పెద్ద అడ్డంకి కాదు. ఓపికే అడ్డంకి. కొత్త కుర్రాళ్లు సగం మంది జారిపోయేది పరీక్ష దగ్గర కాదు, ఈ ఖాళీ దగ్గరే. ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో వచ్చే వస్తువు కార్ట్‌లో కళ్లెదురుగా ఉంటే, ఆరు నెలలు ఆగమనడం ఎవరికైనా కష్టమే. ఇంత ఆలస్యం అక్రమంగా కొనేవాళ్లని పెంచుతుంది తప్ప తగ్గించదు.

ఆ ఖాళీలో ఏం చేయాలంటే, వినండి. ఖర్చు లేదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వాళ్ల వెబ్‌ఎస్‌డీఆర్‌ని ఫోన్ బ్రౌజర్‌లోనే తెరవొచ్చు. అక్కడి యాంటెన్నా, మీ ఇయర్‌ఫోన్స్. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎల్‌ఎస్‌బీ, 14 దగ్గర యూఎస్‌బీ పెట్టి వేలితో మెల్లగా జరపండి. మొదట్లో బాతుల అరుపుల్లా వినిపిస్తుంది, సరిగ్గా ట్యూన్ అయిన క్షణంలో మనిషి గొంతవుతుంది. నేను సైడ్‌బ్యాండ్ అంటే ఏంటో మూడు పుస్తకాల్లో చదివాను, అర్థమైంది మాత్రం ఆ క్షణంలోనే. ఇలాంటి రిసీవర్లు వేరే దేశాల్లో కూడా ఉన్నాయి. ఒకే ఫ్రీక్వెన్సీని పొద్దున, రాత్రి విని చూస్తే ప్రొపగేషన్ చాప్టర్ విడిగా చదవక్కర్లేదు.

మా చెల్లికి ఇప్పుడు ఇదే పిచ్చి. మొన్న పిన్ని ఫోన్ చేసి, "అది రాత్రిళ్లు ఫోన్‌లో ఏవో గరగర శబ్దాలు వింటోంది, నువ్వే ఏదో నేర్పావంట" అని మందలించింది. పరీక్షకి కడుతుందని చెప్పాను. "పాసైతే ఏమొస్తుందిరా?" అని అడిగింది. మీ మేడ మీద ఇరవై మీటర్ల తీగ వస్తుంది పిన్నీ, బట్టలు మాత్రం ఆరేయొద్దు అన్నాను.